పొగ తాగని ఆడవాళ్ళకూ ఊపిరితిత్తుల కేన్సర్: ఆ ఒక్క పరీక్ష అడిగారా?

"నాకెందుకొస్తది బిడ్డా, ఒక్కనాడు బీడి ముట్టినదాన్ని గాదు!"

యాదగిరిగుట్ట కింది బజారులో కొబ్బరికాయలమ్ముకునే మా చిన్నమ్మ ఈ మాట అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు. మూడు నెలలు ఆగని దగ్గు. తెమడ పరీక్షలో ఏమీ తేలకపోయినా టి.బి. అని మందులు మింగించారు. తగ్గకపోయేసరికి గుట్ట మీద మండలం రోజులు ప్రదక్షిణలు చేసింది. వైద్య నరసింహుడని పేరున్న దేవుడాయె. రోగాలు మానాలని వచ్చి ఇక్కడ నిద్రచేసేవాళ్ళను చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాం. ప్రదక్షిణలు వద్దని నేననను. కానీ ఆ నలభై రోజులూ స్కానింగు కూడా ఆగిపోయింది. బాధంతా అక్కడే.

చివరికి పట్నంలో సీటీ స్కాన్, బయాప్సీ చేశాక అసలు సంగతి బయటపడింది.

పేరు ఒకటే, జబ్బులు వేరు

ఊపిరితిత్తుల కేన్సర్లలో నూటికి 80కి పైగా "నాన్ స్మాల్ సెల్" రకం. అందులో అడినోకార్సినోమా అనేది పొగతాగనివాళ్ళలో, ముఖ్యంగా ఆసియా దేశాల స్త్రీలలో ఎక్కువ కనిపిస్తుంది. కట్టెల పొయ్యి పొగనూ, బయటి గాలి కాలుష్యాన్నీ కూడా శాస్త్రజ్ఞులు అనుమానితుల జాబితాలో పెట్టారు. బయటి గాలి కాలుష్యం కేన్సర్ కారకమేనని 2013లో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ తేల్చి చెప్పింది కూడా.

ఈ రకం కణితుల్లో కొన్నిటికి ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉంటుంది. 2004లో ఈ సంగతి తెలిశాక వైద్యం దారే మారింది. ఆ మార్పు ఉన్నవాళ్ళకు జెఫిటినిబ్ మాత్ర మామూలు కీమోథెరపీకన్నా ఎక్కువ కాలం జబ్బును అదుపులో ఉంచుతుందని 2009లో రుజువైంది. మార్పు లేనివాళ్ళకు మాత్రం అదే మాత్ర కీమోకన్నా తక్కువ పనిచేసింది. అంటే పరీక్ష చేయకుండా మాత్ర ఇచ్చినా తప్పే, పరీక్ష చేయకుండా కీమో మొదలుపెట్టినా తొందరపాటే.

చిన్నమ్మకు కీమో తేదీ ఖాయమయ్యాక, "జన్యు పరీక్ష రిపోర్టు ఏది?" అని ఒక కుర్ర డాక్టరమ్మ అడిగింది. అంతవరకు ఆ మాట మాకెవరూ చెప్పలేదు. ముక్క మళ్ళీ పరీక్షకు పంపితే ఈజీఎఫ్ఆర్ మార్పు ఉందని తేలింది. రోజుకు ఒక్క మాత్ర! ఒంటి మీద పొక్కులు, అప్పుడప్పుడు విరేచనాలు తప్పలేదు. అయినా పద్నాలుగు నెలలుగా దుకాణం తీస్తోంది. జబ్బు పోలేదు, అదుపులో ఉంది. ఆ తేడా ఆమెకూ తెలుసు.

"జన్యువు" అనగానే ఇంట్లో ఇంకో భయం పుట్టింది. రేపు పిల్ల సంబంధానికి అడ్డమొస్తుందేమోనని. అలాంటిదేం లేదు. ఈ మార్పు దాదాపు ఎప్పుడూ కణితిలో పుట్టేదే, తల్లి నుంచి బిడ్డకు వచ్చేది కాదు.

ఏ దశకు ఏ వైద్యం?

తొలి దశలో పట్టుకుంటే ఆపరేషనే మేలు. కొంచెం పాకితే కీమో, రేడియేషన్ కలిపి ఇస్తారు. దూరం పాకితే పరీక్షను బట్టి మాత్రలో, కీమోనో, ఇమ్యునోథెరపీయో. ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్నవాళ్ళకు ఇమ్యునోథెరపీ సాధారణంగా అంతగా పనిచేయదు. ఆపరేషన్ అయినవాళ్ళలో ఈ మార్పుంటే ఒసిమెర్టినిబ్ అనే కొత్త మాత్ర వాడుతున్నారు. 2023లో వచ్చిన ఫలితాల ప్రకారం అది వాడినవాళ్ళలో ఐదేళ్ళకు 88 శాతం బతికి ఉన్నారు. వాడనివాళ్ళలో 78 శాతం.

సుంకం పోయింది, సమస్య పోయిందా?

2024 జులై బడ్జెట్లో ఒసిమెర్టినిబ్‌తో సహా మూడు కేన్సర్ మందులపై 10 శాతం దిగుమతి సుంకం ఎత్తేశారు. మంచిదే. కానీ ఆ లెక్కన ధరలో పదో వంతు కూడా తగ్గదు. కూలినాలి ఇంటికి అందని మందు అందనిదిగానే ఉంటుంది. పాత మందు జెఫిటినిబ్ మాత్రం హైదరాబాదు కంపెనీ నాట్కోతో సహా మనవాళ్ళే చేస్తున్నారు, దాని ధర చాలా తక్కువ. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగింది. గుట్ట నుంచి పట్నం పోయే దారిలోనే బీబీనగర్ ఎయిమ్స్ ఉంది, రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ కేన్సర్ ఆసుపత్రి ఉంది.

పథకం, ఆసుపత్రి, మందు ఉన్నా పరీక్ష అడిగే నోరు లేకపోతే అవన్నీ ఉండీ లేనట్టే. పరీక్ష ఖర్చు కూడా పథకంలోనే పడేలా, బయాప్సీతో పాటే జరిగేలా చూడాల్సింది ప్రభుత్వమే. ఆ రోజు వచ్చేదాకా అడగాల్సింది మనం.

ఇంట్లో ఏ ఆడమనిషికైనా దగ్గు మూడు వారాలు దాటితే, తెమడలో టి.బి. తేలకపోతే, "స్కానింగు అక్కర్లేదా?" అనండి. కేన్సర్ అని తేలితే, "ఏ రకం? ఏ దశ? జన్యు పరీక్ష పంపారా? ఆరోగ్యశ్రీలో ఏమేం వస్తాయి?" అని కాగితం మీద రాసుకుని వెళ్ళండి. డాక్టరు విసుక్కుంటే విసుక్కోనీయండి.

మా చిన్నమ్మ ఇప్పటికీ ప్రదక్షిణలు చేస్తుంది. పొద్దున మాత్ర వేసుకున్నాకే!