పెరటి తోట: దుబ్బును విడదీయండి



పెరట్లో గడ్డి అనగానే పీకి పారవేయవలసినదే అనుకుంటాము. కాని ఏళ్ల తరబడి బ్రతికి, ఇంటికి అందమునూ ఉపయోగమునూ ఇచ్చే గడ్డిజాతులను కూడ దేవుడు మనకు అనుగ్రహించాడు. నిమ్మగడ్డి, వట్టివేరు అటువంటివే.

మా అత్తగారు నూతి పక్కన నిమ్మగడ్డి వేశారు. ఎవరికి జలుబు చేసినా రెండాకులు కోసి టీలో మరిగించి ఇచ్చేవారు. ఆమె ప్రభువునందు నిద్రించిన తరువాత ఆ దుబ్బు మీద నేను కత్తి పెట్టనివ్వలేదు. ఆమె చేతి మొక్క గదా! మూడేళ్లు తిరిగేసరికి అంచున నాలుగు పచ్చని ఆకులు మిగిలి, నడుమ అంతా ఎండిపోయింది. నేను ఇంకా నీళ్లు పోశాను, కుళ్లసాగింది. పొరుగింటి పెద్దమ్మగారు చూసి, "ప్రేమతోనే చంపుకుంటున్నావమ్మా, విడదీసి నాటు" అన్నారు.

కొత్త పిలకలు దుబ్బు అంచున పుడతాయి. నడుమ పాతవి ముదిరి ఎండి, గాలికీ వెలుతురుకూ అడ్డుపడతాయి. కనుక రెండు మూడేళ్లకొకసారి తొలకరిలో ఆకులను జానెడు ఎత్తుకు కోసి, దుబ్బును పెకలించండి. ఆకు అంచులు చర్మాన్ని కోస్తాయి. నిండు చేతుల జాకెట్టు వేసుకోండి. ఎండిన నడిమి భాగము తీసివేసి, వేళ్లున్న రెండు మూడు పిలకలను ఒక్కొక్క చోట, రెండడుగుల ఎడముగా నాటండి. బాగా ఎండ తగలాలి, నీరు నిలువకూడదు. చివికిన పశువుల ఎరువు చాలును.

వర్షానికి మట్టి కొట్టుకుపోయే గట్టు ఉంటే అక్కడ వట్టివేరు పిలకలను అరజానెడు ఎడముగా వరుసలో నాటండి. దాని వేళ్లు పక్కలకు పాకక నిలువుగా లోతుకు దిగి మట్టిని పట్టి ఉంచుతాయి. ఏడాదిన్నరకు కొన్ని దుబ్బులు తవ్వుకుంటే, ఆ వేళ్లను వేసవిలో మంచినీళ్ల కుండలో వేసుకోవచ్చు. గట్టు మీదివి మాత్రము కదపకండి.

అత్తగారి దుబ్బు నుండి పద్దెనిమిది మొక్కలు వచ్చాయి. మూడు ఉంచుకొని, తక్కినవి స్త్రీల సమాజములో పంచాను. ఇప్పుడు ఏ సహోదరి ఇంటికి వెళ్లినా ఆమె టీ వాసనే! యోహాను సువార్త 12వ అధ్యాయములో గోధుమగింజను గూర్చి ప్రభువు చెప్పినది నాకు నూతి గట్టున అర్థమైంది. నేను దాచుకున్నంత కాలము అది చచ్చింది; పంచిన తరువాత బ్రతికింది.

మీ పెరట్లోనూ, మీ హృదయములోనూ విడదీయవలసిన దుబ్బు ఏదైనా ఉన్నదా? ఈ తొలకరికే పని మొదలుపెట్టండి. ప్రభువు మీకు తోడైయుండును గాక.