భోజన వేళ ఇన్సులిన్ కోసం వినతిపత్రం

గౌరవనీయులైన సివిల్ సర్జన్ గారికి,
తూర్పు సింగ్‌భూమ్ జిల్లా, జంషెడ్‌పూర్.

విషయం: షిఫ్టుల్లో పనిచేసే షుగర్ రోగులకు త్వరగా పనిచేసే ఇన్సులిన్ సరఫరా గురించి.

అయ్యా,

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు పనికి వచ్చి, కద్మా, బిష్టుపూర్, టెల్కోల్లో తరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాల వాళ్లం. ఎనిమిది గంటల పనిదినం 1912లోనే ఈ ఊళ్లో మొదలైందని గర్వంగా చెప్పుకుంటాం. కానీ షిఫ్టు మారినప్పుడల్లా మా తిండివేళ మారిపోతుంది.

మా ఇబ్బందంతా అక్కడే. రెగ్యులర్ ఇన్సులిన్ తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. నైట్ షిఫ్టులో సూది పొడుచుకున్నాక మెషిన్ ఆగిందని పిలుపొస్తే భోజనం వెనక్కి పోతుంది, షుగర్ పడిపోతుంది. క్రేన్ మీద ఉన్నవాడికి కళ్లు తిరిగితే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. 1996 నుంచి వాడుకలో ఉన్న లిస్ప్రో, ఆ తరవాతి ఆస్పార్ట్ అనే త్వరగా పనిచేసే ఇన్సులిన్లు పావుగంటలో పని మొదలుపెట్టి, మూడు నుంచి ఐదు గంటల్లో తగ్గిపోతాయి. కంచం ముందుకు వచ్చాకే వేసుకోవచ్చు. ధర మాత్రం కాంట్రాక్టు కూలీకి అందదు.

డాక్టరు రాసిచ్చినవారికి ఈ ఇన్సులిన్‌ను సదర్ ఆసుపత్రిలోనూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ ఉచితంగా ఇప్పించండి. దాంతోపాటే షుగర్ పరీక్ష స్ట్రిప్పులూ ఇవ్వాలి. షుగర్ చూసుకోకుండా మోతాదు వేసుకోవడం చీకట్లో రాయి విసరడమే.

అన్నిటికన్నా మాకు భయం సిరంజితో. పాత రెగ్యులర్ ఇన్సులిన్ సీసాల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్లుంటే ఈ కొత్త ఇన్సులిన్ సీసాల్లో 100 ఉంటాయి. ఇంట్లో ఉన్న 40 యూనిట్ల సిరంజితో కొత్త సీసా మందు 10 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 25 యూనిట్లు! అందుకే పెన్నులైనా, సరిపోయే సిరంజిలైనా ఇచ్చి, నర్సుచేత రోగి ఎదుటే చేసి చూపించాలి. హిందీతోపాటు తెలుగులోనూ ఒక కాగితం అచ్చువేయిస్తే మా పెద్దవాళ్లు చదువుకుంటారు.

తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఇక్కడి ఎండలు 40 దాటుతాయి కనుక, మందు నిల్వ చేసేచోట కరెంటు పోయినా ఆగని ఫ్రిజ్ ఉండాలి.

సూది వేసుకున్న కార్మికుడిని తిన్నాకే పనికి పిలవాలని కర్మాగారాల వైద్యాధికారులకు మీరు ఒక లేఖ రాయండి. మీ మాటకున్న బరువు మా మాటకు లేదు.

హిందీ ప్రతి జతపరిచాం. వచ్చే ఎండాకాలంలోపే సదర్ ఆసుపత్రిలో ఈ సరఫరా మొదలుపెట్టించవలసిందిగా ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
జంషెడ్‌పూర్ తెలుగు షుగర్ రోగులు, వారి కుటుంబసభ్యులు