షుగర్ పెద్దోళ్ల జబ్బా?

 ఈ సంచికలో ప్రతి ఏడాది చదువు గురించి, క్రమశిక్షణ గురించి మంచి వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. వాటిని నాకన్నా బాగా రాసేవాళ్లు ఉన్నారు. నేను ఈ హాస్టల్లో ఐదేళ్లు ఉండి చదువుకొని, ప్రస్తుతం ఒక ప్రభుత్వ ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగంలో ఉన్నాను. కనుక నాకు రోజూ కంటికి కనిపించే విషయమే రాస్తాను. అది షుగర్ వ్యాధి.

"షుగరు, బీపీ కూసోని తినేటోళ్లకు వస్తయి, కష్టం చేసుకునే మనకెందుకొస్తయి?" అనే మాట మన ఊళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. ఒకప్పుడు ఆ మాటలో నిజం ఉండేది. ఇప్పుడు లేదు. ఇంకా గట్టిగా చెప్పాలంటే, కూలి చేసిన తల్లిదండ్రులకు పుట్టి, హాస్టల్ అన్నంతో చదువుకొని, కుర్చీ ఉద్యోగం సంపాదించిన మనలాంటి వాళ్లమే ఈ జబ్బుకు ముందు వరుసలో ఉన్నామని నా అభిప్రాయం.

భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా జరిపించిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దాని ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10.1 కోట్లు. జబ్బు అంచున నిలబడ్డవారు మరో 13.6 కోట్లు. జబ్బు ఇప్పటికే వచ్చినవారు పట్నాల్లో నూటికి 16 మంది, పల్లెల్లో 9 మంది ఉన్నారు. అంచున ఉన్నవారు మాత్రం పల్లెలో, పట్నంలో దాదాపు సమానం, నూటికి 15 మంది. అంటే పల్లె కూడా వరుసలో నిలబడే ఉంది.

అసలు ఈ జబ్బు ఎలా వస్తుంది? మన హాస్టల్‌కు బియ్యం లారీ వస్తుంది కదా. బస్తాలు దించి స్టోర్ రూములో వేసేది హమాలీ. మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వస్తుంది. దాన్ని కండల్లోకి, కాలేయంలోకి చేర్చే హమాలీయే ఇన్సులిన్. క్లోమం అనే గ్రంథి దాన్ని తయారు చేస్తుంది. ఒళ్లు కదులుతూ ఉంటే స్టోర్ రూము ఖాళీ అవుతూ ఉంటుంది, కొత్త బస్తాలకు చోటు దొరుకుతుంది. రోజంతా కూర్చొని మూడు పూటలా అన్నమే తింటూ, పొట్ట చుట్టూ కొవ్వు పెంచుకుంటే తలుపు సరిగా తెరుచుకోదు. అప్పుడు క్లోమం ఇంకా ఎక్కువ మంది హమాలీలను పంపుతుంది. అలా కొన్నేళ్లు నెట్టుకొచ్చి, చివరకు అలసిపోతుంది. బస్తాలు రోడ్డు మీదే, అంటే రక్తంలోనే మిగిలిపోతాయి. ఇదే టైప్ 2 మధుమేహం. మధ్యలో గడిచే ఆ కొన్నేళ్లలో నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. దాహం, మాటిమాటికి మూత్రం, బరువు తగ్గడం కనిపించేసరికి కంటి పొర, కిడ్నీలు, కాళ్ల నరాలు దెబ్బతినడం మొదలై ఉండవచ్చు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఎక్కువగా పిల్లల్లో కనిపించే టైప్ 1 వేరు. అందులో ఇన్సులిన్ తయారీయే దెబ్బతింటుంది. అది తిండి వల్ల వచ్చేది కాదు, ఎవరి తప్పూ కాదు. మన గదిలో అలాంటి తమ్ముడు ఉంటే ఇంజెక్షన్ అతనికి ప్రాణంతో సమానం. దయచేసి ఎగతాళి చేయకండి.

సన్నగా ఉన్నవాళ్లకు షుగర్ రాదనేది ఇంకో భ్రమ. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, ఆయన సహచరుడైన బ్రిటిష్ డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో తమ ఫోటోనే ఒక వైద్య పత్రికలో వేయించుకున్నారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్క ఇద్దరికీ ఒకటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు బ్రిటిష్ డాక్టరుకు 9.1 శాతం, మన డాక్టరుకు 21.2 శాతం! పుణె పరిసర పల్లెల్లో పుట్టిన పిల్లలను కూడా యాజ్ఞిక్ బృందం పరిశీలించింది. వాళ్ల సగటు బరువు 2.7 కిలోలు మాత్రమే. కండ తక్కువ, కొవ్వు మాత్రం ఉండాల్సినంత ఉంది. కడుపులో ఉండగా తల్లికి చాలీచాలని తిండి దొరికితే బిడ్డ ఒళ్లు పొదుపు నేర్చుకొని పుడుతుందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఆ పొదుపు ఒంటికి తర్వాత కాలంలో కూర్చున్న చోటికే తిండి వస్తే తట్టుకోలేదు. నెలలు నిండేదాకా నాట్లు వేసిన తల్లుల కడుపున పుట్టినవాళ్లం మనలో ఎంతమందిమి? లెక్క మీరే వేసుకోండి.

ఇక తిండి సంగతి. మా తాతల కాలంలో జొన్న గట్క, తైద అంబలి రోజువారీ తిండి, వరి అన్నం పండుగ తిండి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పేదవాడు కూడా రోజూ అన్నం తినగలిగాడు. అది ఆకలి తీర్చిన పథకం, దాన్ని తప్పు పట్టేవాళ్లతో నేను ఏకీభవించను. 2015 జనవరి నుంచి మన రాష్ట్రంలో హాస్టళ్లకు సన్నబియ్యం ఇస్తున్నారు. పురుగుల అన్నం ఏరుకొని తిన్న మా తరానికి దాని విలువ తెలుసు. మళ్లీ దొడ్డు బియ్యం తినమని ఎవరైనా సలహా ఇస్తే ముందు ఆయన్ను తినమందాం. పాలిష్ పట్టాక దొడ్డయినా సన్నమైనా పెద్ద తేడా లేదు. చూడాల్సింది అన్నం పక్కన ఏముందనేది. పప్పు నీళ్లలా ఉంటే, కూర రెండు చెంచాలే పడితే పిల్లవాడు ఏం చేస్తాడు? అన్నంతోనే కడుపు నింపుకుంటాడు. ఇరవై ఏళ్ల తర్వాత జీతం వచ్చినా అదే అలవాటు, కంచం నిండా అన్నం, అంచున కాస్త కూర. కాబట్టి పప్పు చిక్కగా ఉందా, గుడ్డు మెనూలో రాసిన రోజున వచ్చిందా, ఆకుకూర వండారా అని అడగడం తిండిపోతుతనం కాదు తమ్ముళ్లూ, అది మీ హక్కు. గోడ మీద మెనూ రాసి పెట్టేది చదువుకోవడానికే. మర్యాదగా అడగండి, మెస్ కమిటీలో ఉన్నవాళ్లు ముందుండి అడగండి.

తైదలు, కొర్రలు తింటే షుగర్ మాయమవుతుందని ఈ మధ్య ప్రచారం ఎక్కువైంది. మంచి తిండే, కాదనను. కానీ బెల్లం కలిపిన తైద జావ రెండు గ్లాసులు తాగితే షుగర్ పెరగక ఏమవుతుంది? అలాగే ఆఫీసులో రోజుకు ఆరు చాయ్‌లు, చాయ్‌కి రెండు చెంచాలు అంటే పన్నెండు చెంచాల చక్కెర. పావు లీటరు కూల్‌డ్రింకులో చాలావాటికి ఐదారు చెంచాలు ఉంటుంది. వీటిని మానేయడానికి ఖర్చేమీ లేదు, మిగులే.

తిండి కన్నా నాకు ఎక్కువ భయం కలిగించేది కూర్చోవడం. హాస్టల్లో ఉన్నన్నాళ్లు కబడ్డీ, వాలీబాల్ ఆడతాం. పదో తరగతితో ఆట బంద్. తర్వాత ఇంటర్, డిగ్రీ, ఆ తర్వాత హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్ ప్రిపరేషన్. పొద్దున చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చున్న అన్న రాత్రికి లేస్తాడు. మధ్యలో నడిచేది మిర్చి బజ్జీల బండి దాకా! ఉద్యోగం వచ్చేసరికి నడుము పెరిగి ఉంటుంది. టేపు పెట్టి చూసుకోండి. బొడ్డు దగ్గర మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడాలి. ప్యాంటు సైజు మీద నమ్మకం పెట్టుకోకండి, మనం దాన్ని పొట్ట కిందికి జార్చి వేసుకుంటాం.

మంచి వార్త కూడా ఉంది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం జబ్బు అంచున ఉన్న 531 మందిని మూడేళ్ల పాటు పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించింది. మామూలు సలహా ఇచ్చి వదిలేసినవారిలో నూటికి 55 మందికి షుగర్ వచ్చింది. రోజూ అరగంట నడక, తిండిలో మార్పు పాటించినవారిలో 39 మందికే వచ్చింది. మాత్ర వేసుకున్నవారిలో 40. అంటే నడక మాత్రతో సమానంగా పనిచేసింది. ఆ 39 మందికి నడిచినా వచ్చింది కదా అంటారేమో. నిజమే. అందుకే నడుస్తున్నాం కదా అని పరీక్ష మానకూడదు.

పోయిన ఏడాది పూర్వ విద్యార్థుల కలయికకు నేను గ్లూకోమీటర్ తీసుకొస్తే "శాలువా కప్పుతవనుకుంటే సూది గుచ్చుతవా?" అని మా బ్యాచ్ వాళ్లు నవ్వారు. నవ్వినవాళ్లలోనే ఇద్దరికి అనుమానించాల్సినంత ఎక్కువ వచ్చింది. తర్వాత ల్యాబులో షుగర్ అని తేలింది. ఇద్దరికీ నలభై నిండలేదు, ఒకరు నాకన్నా సన్నం. మాత్రలు వాడితే కిడ్నీలు పాడవుతాయని ఒకతను నేరేడు గింజల పొడి మొదలుపెట్టాడు. కిడ్నీలను పాడుచేసేది అదుపులో లేని షుగరే. మెట్‌ఫార్మిన్ మాత్ర ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు, డాక్టరు చెప్పినట్టు వాడాలి. అతనికి నచ్చజెప్పడానికి నాలుగు నెలలు పట్టింది.

పరగడుపున పరీక్షలో 100 లోపు ఉంటే మామూలు. 100 నుంచి 125 వరకు అంచున ఉన్నట్టు. 126 గానీ ఆ పైన గానీ వస్తే మరోసారి పరీక్షించి నిర్ధారించాలి. మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 5.7 కన్నా తక్కువ ఉండాలి, 6.5 వస్తే షుగర్ కింద లెక్క. 30 ఏళ్లు నిండినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో పరీక్ష ఉచితం. ఇంట్లో అమ్మకో నాన్నకో షుగర్ ఉంటే అంతకన్నా ముందే చేయించుకోవాలి. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి తగ్గిన అక్కచెల్లెళ్లు కూడా మానకుండా చేయించుకోవాలి.

నా ప్రతిపాదన ఒకటే. ఏటా మనం చందాలు వేసుకొని షామియానాకు, శాలువాలకు, స్వీటు ప్యాకెట్లకు ఖర్చు పెడుతున్నాం. ఈసారి అందులో సగం వాలీబాల్ నెట్‌కు, గ్రౌండ్ చదును చేయడానికి పెడదాం. అక్కడ పడి ఉన్న విరిగిన మంచాలు తీయించమని వార్డెన్ గారిని అందరం కలిసి కోరదాం. మిగిలిన సగంలోంచి టెస్ట్ స్ట్రిప్పులు కొంటాం. వార్షికోత్సవం రోజు ఉదయం ఏడు గంటలకే డైనింగ్ హాలు పక్కన బల్ల వేసుకొని కూర్చుంటాను. రాత్రి భోజనం తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకుండా రండి, ఊళ్లో అమ్మానాన్నలు ఉంటే వాళ్లనూ వెంట తీసుకురండి. ఇప్పటికే షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్నవాళ్లు మాత్రం పస్తు ఉండకుండా తిని రండి, వాళ్లకు వేరే లెక్క రాసుకుంటాను. సూది గుచ్చాక ఇడ్లీ, పల్లీ చట్నీ ఖర్చు మా బ్యాచ్‌ది.