అగ్రిమెంట్ గడువు ముగిసింది.. ఓనర్ అడిగినంత అద్దె పెంచాల్సిందేనా?

పదకొండు నెలల అగ్రిమెంట్ ముగిసే సమయానికి హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటే. "వచ్చే నెల నుంచి మూడు వేలు పెంచుతున్నాం. కుదరకపోతే ఖాళీ చేయండి." అద్దెకున్నవారికి పిల్లల చదువు ఏడాది మధ్యలో ఉంటుంది. ఇల్లు మారితే మళ్లీ అడ్వాన్స్, సామాను తరలింపు ఖర్చు. ఓనర్‌కేమో హోమ్ లోన్ ఈఎంఐ ఉంటుంది, లేదంటే ఆ అద్దె మీదే ఇల్లు గడుస్తుంటుంది. మరి చట్టం ఎవరి పక్షాన ఉంది? ఒక్క ముక్కలో చెప్పాలంటే, అద్దెదారుకు చట్టం ఇచ్చేది కొంత సమయం మాత్రమే. పాత అద్దెకే ఎల్లకాలం ఉండే హక్కు కాదు.

11 నెలలే ఎందుకు?

1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజును సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాలి (తెలంగాణలో మాత్రం ఉమ్మడి రాష్ట్రం చేసిన 1999 సవరణతో ఎంత గడువు లీజుకైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి). ఆ ఖర్చు, ఆ తిరుగుడు లేకుండా ఉండేందుకే 11 నెలల పద్ధతి వచ్చింది. స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయిస్తే రిజిస్ట్రేషన్ అయినట్టేనని చాలామంది అనుకుంటారు. ఆ రెండూ ఒకటి కావు. మూడేళ్లకు రాసుకుని రిజిస్టర్ చేయించకపోతే, ఆ మూడేళ్ల హామీ కోర్టులో నిలవడం కష్టం.

రెన్యువల్ చేయడం ఓనర్ బాధ్యతా?

మీ అగ్రిమెంట్‌లో ఈ వాక్యం ఉందేమో చూడండి: "ఉభయుల అంగీకారంతో పొడిగించుకోవచ్చు". చూడటానికి హామీలా ఉంటుంది కానీ, ఇద్దరిలో ఎవరు వద్దన్నా పొడిగింపు లేనట్టే. "రెన్యువల్ చేస్తే 5 శాతం పెంపు" అని రాసి ఉన్నా అంతే. రెన్యువల్ చేస్తేనే ఆ 5 శాతం లెక్క. చేసి తీరాలని అందులో లేదు.

కొత్త సంతకాలు లేవు.. అద్దె మాత్రం తీసుకుంటున్నారు

ఎక్కువ ఇళ్లలో జరిగేది ఇదే. గడువు ముగిశాక కూడా ఓనర్ సమ్మతితో అద్దె తీసుకుంటుంటే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని సెక్షన్ 116 కింద నివాసపు లీజు నెలనెలా కొనసాగుతున్నట్టు లెక్క. అంటే మీరు అక్రమంగా ఉంటున్నట్టు కాదు. మీరు ఒప్పుకోకుండా పెంచిన అద్దె దానంతటదే అమల్లోకి రాదు కూడా.

అయితే ఓనర్ చేతిలో మరో దారి ఉంది. సెక్షన్ 106 కింద 15 రోజుల రాతపూర్వక నోటీసుతో నెలవారీ లీజును ముగించవచ్చు. అగ్రిమెంట్‌లో వేరే నోటీసు కాలం రాసుకుంటే దాన్నే పాటించాలి. నోటీసు గడువు దాటినా ఖాళీ చేయకపోతే సివిల్ కోర్టులో దావా వేయవచ్చు. కోర్టు కేసు నెలలు, ఏళ్లు పట్టొచ్చు కదా అని ధీమాగా ఉండటం ప్రమాదం. అక్రమంగా ఉన్న కాలానికి మార్కెట్ రేటు ప్రకారం పరిహారం కట్టమని కోర్టు ఆదేశించవచ్చు.

రెంట్ కంట్రోల్ చట్టం కాపాడదా?

తెలంగాణలో 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం ఉంది. దాని కింద తగిన కారణం చూపకుండా ఖాళీ చేయించడం కుదరదు. కావాలని అద్దె ఎగ్గొట్టడం, అనుమతి లేకుండా వేరొకరికి అద్దెకివ్వడం, ఓనర్‌కే ఇల్లు అవసరం కావడం వంటివి ఆ కారణాలు. కానీ 2005 సవరణతో కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇళ్లను పక్కన పెట్టారు. ఇవాళ హైదరాబాద్‌లో ఆ అద్దెకు దొరికే ఫ్లాట్లు ఎన్ని? అందుకే చాలామందికి ఈ చట్టం ఉన్నా లేనట్టే. ఆంధ్రప్రదేశ్ 2017లో వేరే అద్దె చట్టం చేసుకుంది కాబట్టి అక్కడివారు దాన్ని చూసుకోవాలి.

తాళం వేస్తే?

అగ్రిమెంట్ ముగిసినా సరే, కోర్టు ఉత్తర్వు లేకుండా ఇంటికి తాళం వేయడం, సామాను బయట పడేయడం కుదరదు. అలా బలవంతంగా వెళ్లగొడితే 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోగా దావా వేసి ఇంటిని తిరిగి పొందవచ్చు.

ఇద్దరూ చేయాల్సినవి

* గడువుకు రెండు నెలల ముందే మాట్లాడుకోండి. కుదిరిన మాటను వాట్సాప్‌లోనైనా రాతలో పెట్టుకోండి.
* అద్దె యూపీఐ లేదా బ్యాంకు ద్వారానే కట్టండి. ఓనర్ తీసుకోనంటే ఖాతాకు పంపి ఆధారం దాచుకోండి. గొడవ పడి అద్దె ఆపేస్తే కేసు మీ మీదకే తిరుగుతుంది.
* ఓనర్లు నోటీసు ఇచ్చాక డబ్బు తీసుకుంటే, అది ఇంటి వాడకానికే తప్ప లీజు పొడిగింపు కాదని రాసివ్వాలి.
* పెంపు శాతం, నోటీసు కాలం, అడ్వాన్స్ వాపసు తేదీ, పెయింటింగ్ కోత ఎంత అన్నవి కొత్త అగ్రిమెంట్‌లో అంకెలతో సహా రాయించండి.
* మాట కుదరకపోతే కోర్టుకు వెళ్లే ముందే న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. హెల్ప్‌లైన్ నంబరు 15100. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే దానికి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది.

కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఇళ్లకు అడ్వాన్స్ రెండు నెలల అద్దె దాటకూడదని, అద్దె పెంచాలంటే మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలని ఉంది. కానీ రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అది వర్తిస్తుంది. అప్పటివరకు 3,500 దాటిన అద్దె ఇంట్లో ఉన్నవారికి అసలు రక్షణ, సంతకం పెట్టే ఆ రెండు మూడు పేజీలే. సంతకానికి ముందు పూర్తిగా చదవండి.