రబ్బరుతో చెరపకండి

విద్యార్థులారా! గాజు దిమ్మె ప్రయోగం చేస్తారు. వక్రీభవన గుణకం 1.5 రావాలని పుస్తకంలో ఉంటుంది. మీకు 1.7 వస్తుంది. వెంటనే రబ్బరుతో చెరిపి, 1.5 అని దిద్ది, రికార్డు సంతకానికి తెస్తారు. మా నరసరావుపేట ప్రాంతపు బళ్లలో ఇన్నేళ్లుగా అలాంటి రికార్డులపై నేనూ సంతకాలు పెట్టాను. అది పొరపాటని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఎందుకో వినండి. జర్మనీలోని మ్యూనిక్ నగరంలో ఆస్కార్ రాబ్ అనే వైద్య విద్యార్థి, అక్రిడిన్ అనే రంగు పదార్థం పారమీసియాలను ఎంతసేపట్లో చంపుతుందో పరీక్షించాడు. రంగు అదే, మోతాదు అదే. ఫలితం మాత్రం ఒక్కోసారి ఒక్కో విధంగా వచ్చింది. అతడు దాన్ని చెరిపివేయలేదు, కారణం వెదికాడు. తేడా అంతా వెలుతురులో ఉంది! ఈ సంగతి 1900లో ప్రకటించాడు.

నేటి కాంతి చికిత్సకు అదే పునాది. ఇందులో వాడే మందు చీకట్లో దాదాపు హాని చేయదు. కణితిపై తగిన కాంతి వేస్తే, ఆ శక్తిని గ్రహించి అక్కడి ఆక్సిజన్‌ను చురుకైన రూపంలోకి మారుస్తుంది. ఆ ఆక్సిజనే కాన్సర్ కణాలను చంపుతుంది. అయితే కాంతి శరీరంలో ఎక్కువ లోతుకు పోలేదు కనుక అన్ని కణితులకూ ఇది పనికిరాదు.

మన తెలుగువాడికి సంబంధించిన మరో కథ చూడండి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం 1945లో అమెరికాలో ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను తయారుచేసింది. అలాంటి పదార్థాలను రక్త కాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చిన డాక్టర్ సిడ్నీ ఫార్బర్, జబ్బు తగ్గకపోగా ముదరడం గమనించాడు. దాన్ని దాచలేదు. ఆ విటమిన్‌ను అడ్డుకుంటే ఏమవుతుందని ఆలోచించాడు. సుబ్బారావుగారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో కొందరు పిల్లలకు తాత్కాలికంగా నయమైందని 1948లో ప్రకటించాడు.

కొన్ని కాన్సర్ కణాలకున్న ఈ ఫోలేట్ ఆకలే నేడు వాటిని పట్టిస్తోంది. ఫోలేట్‌ను పోలిన అణువుకు రంగు పదార్థాన్ని జోడించి రక్తంలోకి ఎక్కిస్తే అది అండాశయ కాన్సర్ కణాలను పట్టుకుంటుంది. పరారుణ కాంతి వేయగానే ప్రత్యేక కెమెరాలో మెరుస్తుంది. సర్జన్ కంటికి ఆనని ముక్క కూడా బయటపడుతుంది. పాఫోలాసియానిన్ అనే ఈ మందుకు అమెరికాలో 2021లో అనుమతి లభించింది.

మీ 1.7 కొత్త ఆవిష్కరణేమీ కాదు. గుండుసూది వంకరగా గుచ్చి ఉంటారు. అయినా 1.7 అనే రాయండి. ఎందుకలా వచ్చిందో పక్కన రాసి, మళ్లీ చేయండి. అటువంటి రికార్డుకు మార్కులు తగ్గించరాదని తోటి ఉపాధ్యాయులనూ కోరుతున్నాను. బడిలో చెరపడానికి అలవాటుపడిన చెయ్యి, రేపు ఆసుపత్రి ప్రయోగశాలలో రోగి ఫలితాన్నీ చెరుపుతుంది.