అమెరికాలో లైసెన్స్... ‘తర్వాత చూద్దాం’ అనుకుంటే చిక్కే

ఆగస్టు సెమిస్టర్‌కి అమెరికా వెళ్లే మనవాళ్ల సూట్‌కేసులో ప్రెషర్ కుక్కర్ ఉంటుంది, ఆవకాయ ఉంటుంది, రెండేళ్లకు సరిపడా కళ్లజోళ్లు కూడా ఉంటాయి. డ్రైవింగ్ లైసెన్స్ సంగతి మాత్రం ‘కారు కొన్నాక చూద్దాంలే’ అని వదిలేస్తారు. అక్కడ దిగాక తెలుస్తుంది... కారు లేకపోయినా లైసెన్స్ అడుగుతున్నారని!

ఆధార్ లాంటి కార్డు లేని దేశం అది. అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకోవాలన్నా, బ్యాంకులో పని ఉన్నా, పార్సిల్ తెచ్చుకోవాలన్నా ఫొటో ఐడీ అనగానే అందరూ తీసి చూపించేది రాష్ట్రం ఇచ్చిన లైసెన్సే. 2025 మే 7 నుంచి దేశంలోపల విమాన ప్రయాణాలకు ‘రియల్ ఐడీ’ ప్రమాణాలున్న కార్డు నిబంధన అమల్లోకి వచ్చింది. మన పాస్‌పోర్టు చూపించినా సరిపోతుంది. కానీ రోజూ పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని తిరిగితే ఏదో ఒకరోజు పోతుంది. అప్పుడు కాన్సులేట్ చుట్టూ తిరగాలి, కొత్త వీసా స్టాంపింగ్ తలనొప్పి వేరే. డ్రైవింగ్ అసలు వద్దనుకునేవాళ్లకు స్టేట్ ఐడీ కార్డు ఇస్తారు. కనీసం అదైనా తీసుకోవాలి.

ఇన్సూరెన్స్ సంగతి ఇంకోటి. హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఆరేళ్లు నడిపిన అనుభవం అక్కడి కంపెనీల్లో చాలావాటికి లెక్కలోకి రాదు. లైసెన్స్ వచ్చిన రోజు నుంచే మీ డ్రైవింగ్ చరిత్ర మొదలవుతుంది. ఉద్యోగం వచ్చాక కారు కొందామనుకున్నా, చదువుకునే రోజుల్లోనే లైసెన్స్ తీసుకుంటే ప్రీమియం దగ్గర ఆ తేడా కనిపిస్తుంది.

‘నా దగ్గర ఇంటర్నేషనల్ పర్మిట్ ఉందిగా, ఏడాది చెల్లుతుంది’ అనేవాళ్లు చాలామంది. ఆ పర్మిట్ మన లైసెన్స్‌కు అనువాదం లాంటిది, అంతే. రాష్ట్రం పెట్టిన గడువును అది పొడిగించదు. కాలిఫోర్నియాలో రెసిడెంట్ అయ్యాక 10 రోజుల్లో అక్కడి లైసెన్స్ తీసుకోవాలి. టెక్సాస్‌లో కొత్తగా వచ్చినవాళ్లకు 90 రోజులు. విద్యార్థిని రెసిడెంట్‌గా ఎప్పటి నుంచి లెక్కిస్తారన్నది కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాబట్టి రూమ్మేట్ చెప్పింది విని ఊరుకోకుండా ఆ రాష్ట్ర వెబ్‌సైట్‌లో చూసుకోండి. న్యూజెర్సీలో ఉన్న బావ చెప్పే రూలు డాలస్‌లో పనిచేయదు.

గడువు దాటాక నడుపుతూ దొరికితే? ఇక్కడైతే చలాన్ కట్టి ఇంటికొచ్చేస్తాం. అక్కడ చాలా రాష్ట్రాల్లో లైసెన్స్ లేకుండా నడపడం ‘మిస్‌డిమీనర్’, అంటే నేరాల పట్టికలోకి వచ్చే తప్పు. పోలీసు అరెస్టు చేసి వేలిముద్రలు తీసుకుంటే మీ పేరు డేటాబేస్‌లోకి వెళ్తుంది. దాని ఫలితం 2025 ఏప్రిల్‌లో చూశాం. నేరాల డేటాబేస్‌తో పేర్లు సరిపోల్చి 4 వేలకు పైగా విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులను ఒక్కసారిగా రద్దు చేశారు. వాటిలో చిన్నచిన్న ట్రాఫిక్ కేసులున్నాయి, కోర్టు కొట్టేసిన కేసులూ ఉన్నాయి. అక్కడి ఇమిగ్రేషన్ లాయర్ల సంఘం సేకరించిన 327 కేసుల్లో సగం భారతీయ విద్యార్థులవే. కోర్టుల్లో వరుసగా పిటిషన్లు పడ్డాక ఏప్రిల్ 25న ప్రభుత్వం వెనక్కి తగ్గి రికార్డులు పునరుద్ధరిస్తామంది. ఈలోపు కొందరు భయంతో దేశం వదిలి వచ్చేశారు.

చేతిలో లైసెన్స్ ఉంటే ఇలాంటివి ఎప్పటికీ జరగవని నేను చెప్పను. కానీ పోలీసు కారు ఆపినప్పుడు చెల్లే లైసెన్స్, ఇన్సూరెన్స్ చూపించగలిగితే విషయం చాలావరకు టికెట్‌తో ఆగిపోతుంది. ఆ తేడా చిన్నది కాదు. వీసా దరఖాస్తు డీఎస్-160లో ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా’ అనే ప్రశ్న ప్రతిసారీ ఎదురవుతుంది. తాగి నడిపిన కేసులో అరెస్టయితే నేరం రుజువు కాకముందే వీసా రద్దు చేసే వీలుంది. ఇంకో మాట... పోలీసు ఆపగానే మనదగ్గరలా కారు దిగి ‘సార్ సార్’ అంటూ దగ్గరికి వెళ్లొద్దు. లోపలే కూర్చుని, చేతులు స్టీరింగ్ మీద కనిపించేలా పెట్టాలి.

ఇక తీసుకునే పద్ధతి. పాస్‌పోర్టు, ఐ-94, ఐ-20, అడ్రస్ ప్రూఫ్‌లు కావాలి. క్యాంపస్ ఉద్యోగం లేని ఎఫ్-1 విద్యార్థికి సోషల్ సెక్యూరిటీ నంబర్ రాదు కాబట్టి ఆ ఆఫీసు నుంచి ‘అర్హత లేదు’ అనే లెటర్ తెచ్చుకోవాలి. దిగిన మర్నాడే పరుగెత్తితే లాభం లేదు. మీ వివరాలు ‘సేవ్’ అనే వ్యవస్థలో కనిపించాలంటే 10 రోజులు ఆగమని అధికారులే చెబుతారు. టెక్సాస్‌లో 18 నుంచి 24 ఏళ్ల వయసువాళ్లు ముందుగా ఆరు గంటల అడల్ట్ డ్రైవర్ కోర్సు చేయాలి. మన ఎంఎస్ విద్యార్థుల్లో చాలామంది ఈ వయసువాళ్లే. రాతపరీక్షకు హ్యాండ్‌బుక్ రెండుసార్లు చదివితే చాలు. చాలామంది తప్పేది రోడ్ టెస్ట్‌లోనే. స్టాప్ గుర్తు దగ్గర ఎవరూ లేరని నెమ్మదిగా దొర్లించుకుంటూ పోతే ఫెయిల్. చక్రాలు పూర్తిగా ఆగాలి. లేన్ మారేటప్పుడు అద్దం ఒక్కటే చూస్తే చాలదు, తల తిప్పి భుజం మీదుగా చూడాలి.

ఆ దరఖాస్తులోనే ఒక ప్రమాదకరమైన ప్రశ్న ఉంటుంది. ‘ఓటరుగా నమోదు చేసుకుంటారా?’ అని. 1993లో వచ్చిన చట్టం ప్రకారం లైసెన్స్ ఆఫీసుల్లో ఇది అడుగుతారు. పౌరులు కానివాళ్లు తప్పకుండా ‘నో’ అనాలి. కౌంటర్‌లో తొందరపెట్టారని ‘యస్’ టిక్ చేసి సంతకం పెడితే అమెరికా పౌరసత్వం ఉందని అబద్ధం చెప్పినట్టు అవుతుంది. తర్వాత గ్రీన్ కార్డు దారిని శాశ్వతంగా మూసేయగల తప్పు అది. సంతకానికి ముందు ఆ ఫారం మొత్తం చదవండి, వెనక వంద మంది లైనులో ఉన్నా సరే.

లైసెన్స్ వచ్చాక కూడా పని అయిపోదు. మనకిచ్చేది పరిమిత కాలపు లైసెన్స్. ఎంతకాలం ఉండటానికి అనుమతి ఉందో అంతవరకే తేదీ వేస్తారు. ఓపీటీకి మారితే మళ్లీ వెళ్లాలి, హెచ్-1బి వచ్చాక మళ్లీ. హెచ్-1బి పొడిగింపు పెండింగ్‌లో ఉంటే అదే కంపెనీలో 240 రోజుల వరకు పని చేసుకోవచ్చు. అయితే లైసెన్స్‌కు ఆ 240 రోజులు తమంతట తామే వర్తించవు. కొన్ని రాష్ట్రాలు రసీదు చూసి కొంతకాలం పొడిగిస్తాయి, కొన్ని అప్రూవల్ వచ్చేదాకా కదలవు. ఉద్యోగం ఉంటుంది, కారు ఉంటుంది, ఆఫీసుకు నడుపుకుని వెళ్లడానికి మాత్రం హక్కుండదు! హెచ్-4 మీద ఉన్న భార్యకో భర్తకో లైసెన్స్ ఉన్నా వాళ్ల తేదీ కూడా సాధారణంగా అప్పుడే ముగుస్తుంది. అందుకే పొడిగింపు దరఖాస్తును వీలైనంత ముందు, అంటే ఆరు నెలల ముందు నుంచే వేయమని కంపెనీని గట్టిగా అడగండి.

వెళ్లేముందు ఇక్కడ చేయాల్సిన పని ఒకటుంది. మనదగ్గర ఎల్ఎల్ఆర్ తీసుకున్న 30 రోజుల తర్వాతే పర్మనెంట్ లైసెన్స్ టెస్టుకు వెళ్లనిస్తారు. అది చేతికొస్తేనే ఇంటర్నేషనల్ పర్మిట్. వీసా వచ్చాక మొదలుపెడితే ఫ్లైట్ టైమ్‌కి ఇదంతా అవదు. ఆగస్టులో ప్రయాణమైతే ఏప్రిల్‌లోనే ఎల్ఎల్ఆర్ స్లాట్ బుక్ చేసుకోండి.