నూఱవ మెట్టునకు దిగువ

గడచిన వారము ఇబ్రహీంపట్నమునకు చెందిన యొక పెద్దమనుష్యుడు విక్రయపత్రము వ్రాయించుకొనుటకై మాయొద్దకు వచ్చెను. అమ్మదలచినది ఒక యెకరము. ఈ ప్రాంతమున భూమి యమ్ముటలో వింత యేమియు లేదు. హైదరాబాదు నగరము పెరిగి పెరిగి మన పెద్దచెరువు గట్టు దరిదాపులకు వచ్చినది. పూర్వము జొన్న పండిన చేనికి నేడు బంగారపు వెల పలుకుచున్నది. వింత యెల్ల ఆయన చెప్పిన కారణముననే యున్నది. బిడ్డ పెండ్లికి గాదు, అప్పు తీర్చుటకు గాదు. పదునాలుగేండ్ల కుమారుని టెన్నిసు ఆటగానిగా చేయుటకట! బడి మానిపించి నగరములోని శిక్షణశాలలో చేర్తునని, సానియా మీర్జా మన హైదరాబాదుననే పెరిగినది గదా, మావాని కేమి తక్కువయని ఆయన మమ్ము నడిగెను. ఆ ప్రశ్నకు ధర్మశాస్త్రములందు గాని, చట్టములందు గాని జవాబు లేదు. పత్రము వ్రాయుటకు సోమవారము వఱకు గడువు కోరితిమి. ఇట్టి తండ్రులు ఆయన యొక్కరే కారు గనుక, ఈ లోపల మేము విచారించి తెలిసికొన్న సంగతులను చదువరుల యెదుట నుంచుచున్నాము.

సానియా మీర్జా ఘనత యెవరికిని తెలియనిది గాదు. 2007లో ఆమె సింగిల్సునందు ప్రపంచమున 27వ స్థానమునకు, 2015లో డబుల్సునందు మొదటి స్థానమునకు చేరెను. గ్రాండ్‌స్లాం బిరుదు లాఱు గెలిచెను. తెలంగాణ రాష్ట్ర మేర్పడిన యేడే, 2014లో, ప్రభుత్వ మామెను రాష్ట్ర ప్రచారరాయబారిగా నియమించి కోటి రూపాయలిచ్చి గౌరవించెను. ఇచ్చుట తప్పని మే మనము. కాని మాయొద్దకు వచ్చిన తండ్రి చూచుచున్నది శిఖరమును. కుమారుడు నడువవలసిన త్రోవలో నూటికి తొంబదితొమ్మిదిమంది నిలిచిపోవు చోటు వేఱు. ఆ చోటెట్టిదో తెలియుటకు మఱి యిద్దఱు తెలుగువారి చరిత్ర చూడవలెను.

కృష్ణాజిల్లా ఉయ్యూరున 1987లో పుట్టిన సాకేత్ మైనేని ఒకడు. అమెరికాలో అలబామా విశ్వవిద్యాలయమున చదువుచు, దాని జట్టున ఆడి, ఆ పిమ్మట వృత్తిలో ప్రవేశించెను. 2014లో ఇంచియాన్ ఏషియా క్రీడలలో సానియాతో కూడి స్వర్ణపతకమును, సనమ్ సింగ్‌తో కూడి రజతమును తెచ్చెను. 2016లో అమెరికా ఓపెనునందు అర్హత పోటీలు దాటి ప్రధాన పోటీలో నిలిచి, చెకోస్లొవేకియా చీలిన పిదప యేర్పడిన చెక్ దేశపు వెసెలీతో ఐదు సెట్లు పోరాడి, కండరములు పట్టివేయగా ఓడెను. ఆ యేటనే సింగిల్సునందు 137వ స్థానమునకు చేరెను. ఆతని జీవితమున అంతకుమించిన సింగిల్సు స్థానము లేదు. నూటముప్పదియేడనగా మన పఠనాలయములలో పెదవి విఱుతురు. భూమండలమున ఒక విద్య నభ్యసించు వేలాదిమందిలో నూటముప్పదియేడవ వాడనుమాట! మా న్యాయవాదులలో నెవడైన ఈ జిల్లాకు నూటముప్పదియేడవ వాడని తేలినను ఆతని గుమ్మము ముందు కక్షిదారులు బారులు తీర్తురు.

రెండవవాడు సికిందరాబాదున 1987లోనే జన్మించిన విష్ణువర్ధన్. 2010లో గ్వాంగ్‌జౌ ఏషియా క్రీడలలో సానియాతో కలిసి రజతము గెలిచెను. ఈ యిద్దఱి జాతకములకు ఒక చోట విచిత్రమైన పోలిక కలదు. 2012 లండన్ ఒలింపిక్సునకు ముందు భూపతియు బోపన్నయు లియాండర్ పేస్‌తో ఆడమని భీష్మించిరి. జాతీయ టెన్నిసు సంఘము చేయునది లేక రెండు జట్లను పంపుచు, పేస్‌కు జోడుగా విష్ణువును నిలిపెను. వారు డచ్చి జోడును గెలిచి, రెండవ సుత్తున ఫ్రెంచివారి చేతిలో ఓడిరి. నాలుగేండ్లకు రియో ఒలింపిక్సు వచ్చెను. ఈ తడవ బోపన్న తనకు జోడుగా సాకేత్‌ను కోరెను. సంఘము పేస్‌నే పంపెను. ఆ జోడు మొదటి సుత్తుననే పోలెండువారికి ఓడెను. ఒకమాఱు పెద్దలు వలదన్న చోటు చిన్నవానికి దక్కినది, మఱొకమాఱు పెద్ద కోరిన చిన్నవానికి చోటు దక్కలేదు. రెండు తడవలును చిన్నవాని యభిప్రాయము బయటికి వినబడలేదు. సీనియరు వకీళ్ల వివాదమున జూనియరు స్థితి యెట్టిదో యెఱిగిన మాకు ఇందు ఆశ్చర్యము లేదు.

ఇక ధనము సంగతి. దీనినే ఆ తండ్రి ముఖ్యముగా వినవలెను. వృత్తిలో క్రొత్తగా చేరినవాడు మొదట ఆడునవి మొత్తము బహుమతి 15,000 డాలర్లుండు చిన్న పోటీలు. మొత్త మనగా అందఱికిని కలిపి. మొదటి ఆటలో ఓడినవానికి దక్కునది 156 డాలర్లు, అనగా మన పదమూడు పదునాలుగు వేల రూపాయలు. వరుసగా ఐదాటలు గెలిచి బిరుదు నందినవానికి 2,160 డాలర్లు. ఇందులో ఆ దేశపు పన్ను పోవును. మిగిలిన దానిలో విమానము, బస, భోజనము, వీసా, పోటీ ప్రవేశరుసుము, రాకెట్టులకు తంతులు బిగించు కూలి. శిక్షకుని వెంట గొనిపోవుట కలలోని మాట. సాకేత్ 2016లో అమెరికా ఓపెనున మొదటి ఆటలోనే ఓడి పొందినది 43 వేల డాలర్లకు పైబడిన మొత్తము. ఇప్పటి చిన్న పోటీల నిరువదింటిని గెలిచిన గాని అంత రాదు. మెట్టుకు మెట్టుకు నడుమ ఇంత యెడమున్న వృత్తి మఱొకటి మాకు తెలియదు.

అంతర్జాతీయ టెన్నిసు సంఘమువారు 2013 సంవత్సరపు లెక్కలు తీయగా, ఆ యేడు వృత్తి పోటీలలో ఆడినవారు 13,736 మందియని, వారిలో సగమునకు కొంచెము తక్కువమందికి ఒక్క డాలరైనను రాలేదని తేలెను. పురుషులలో ఖర్చును రాబడియు సరిపడు స్థానము 336వది. అదియును శిక్షకుని జీతము లెక్కింపకయే. 2018లో నిష్పాక్షిక విచారణ సంఘ మొకటి ఇంచుమించుగా ఇట్లే పలికెను: పదునైదువేల మందిలో ఖర్చులు గిట్టుబాటగువారు 250 మొదలు 350 వఱకు మాత్రమే.

ర్యాంకు పద్ధతి మఱియు కఠినము. గెలిచిన పాయింట్లు 52 వారములు మాత్రమే నిలుచును. ఆ పిమ్మట, ప్రాంసరీనోటునకు కాలదోషము పట్టినట్లు, వానికిని పట్టును. నోటు గలవాడు గడువులోపల దావా వేసి హక్కు కాపాడుకొనవచ్చును. భుజము నొచ్చి ఆఱు నెలలు మంచమున నున్న ఆటగాడు ఏ న్యాయస్థానమునకు పోవలెను? లేచి వచ్చునప్పటికి అతడు మరల చిన్న పోటీలలో అర్హత కొఱకు పాకులాడవలసి రావచ్చును. చెల్లని పాయింట్లవలెనే జనుల జ్ఞాపకమును చెల్లిపోవును.

ఈ పేదఱికమున ఒక పాపము పొంచియున్నది. చిన్న పోటీలలోని ప్రతి పాయింటును ఆడిన క్షణముననే జూదపు కంపెనీలకు అమ్ముట 2012 మొదలు పరిపాటి యయ్యెను. ఎక్కడనో పదిమంది చూపరులు లేని మైదానమున జరుగు ఆటమీద ఖండాంతరములందు పందెములు కట్టుదురు. ఒక్క సెట్టు విడిచిపెట్టిన వేల డాలర్లిత్తుమని చెవి కొఱుకువాడు వచ్చును. నెగ్గినవానికి వచ్చునది వందలలో. ఆ 2018 విచారణ సంఘమే, అట్టి చిన్న పోటీల ప్రత్యక్షఫలితముల నమ్ముట మానవలెనని సిఫారసు చేసెను. లంచము తిన్నవానిని మేము సమర్థింపము. జీవితాంతము బహిష్కరించుట న్యాయమే. కాని ఆకలిగొన్నవాని ముందు విస్తరి వేసి, దొంగిలించెనని కేకలు వేయు గృహస్థునిగూర్చియు ఒకమాట యనవలసియున్నది.

మనవారిలో మొదటివాని స్థితియే యెట్లుండెనో చూడుడు. హర్యానాకు చెందిన సుమిత్ నాగల్ 2023 సెప్టెంబరులో దేశమున సింగిల్సు నందు ప్రథముడై యుండియు తన బ్యాంకు నిలువ 900 యూరోలని బహిరంగముగా చెప్పుకొనెను. నాలుగు నెలలకే ఆస్ట్రేలియా ఓపెనున 31వ సీడు బుబ్లిక్‌ను ఓడించెను. గ్రాండ్‌స్లాం సింగిల్సున సీడు గల యాటగానిని భారతీయుడు గెలుచుట 1989లో రమేశ్ కృష్ణన్ తరువాత అదే మొదలు. అంతవఱకు చేయి చాపని ప్రాయోజకులు మఱునాడు పూలదండలతో పరుగెత్తిరి. పురుషుల వృత్తిసంఘ మొక మంచిపని చేసినమాట చెప్పవలెను: 2024 మొదలుకొని మూడేండ్ల ప్రయోగముగా, మొదటి నూఱుగురికి మూడులక్షల డాలర్లు, 175 వఱకు లక్షన్నర, 250 వఱకు 75 వేలు కనీసరాబడి యని హామీ యిచ్చెను. ఆ గీటునకు దిగువనున్నవాడు మాత్రము తన తండ్రి చేని గట్టున నిలిచియే యున్నాడు.

అట్టివారితో దేశమున కేమి పని యని యడుగువారు డేవిస్ కప్పు జాబితాలు తిరుగవేయవలెను. 2016లో ఢిల్లీలో నడాల్, లోపెజ్‌ల నెదిరించి నాలుగు సెట్లు ఆడిన జోడు పేస్, సాకేత్‌లు. 2023లో హాంగ్‌జౌ ఏషియా క్రీడలలో ముప్పదియైదేండ్ల సాకేత్ రామ్‌కుమార్‌తో కూడి మరల రజతము తెచ్చెను. 2025 ఏప్రిల్‌లో పుణెలో బిల్లీ జీన్ కింగ్ కప్పు ఆసియా విభాగమున తానాడిన ఐదు సింగిల్సులను గెలిచి భారతజట్టును ముందునకు నడిపినది మన హైదరాబాదు బాలిక భమిడిపాటి శ్రీవల్లి రశ్మిక. అప్పు డామె ర్యాంకు మూడువందల దరిదాపుల నుండెను. జెండా యెత్తుటకు పిలుచునపు డెవ్వరును ర్యాంకు అడుగలేదు.

పతకము వచ్చిన పిదప బహుమానము లిచ్చుటకంటె ముందు, స్వదేశమున పోటీలు నడుపవలెనని మా యభిప్రాయము. దీనికి దూరమున వెదుకనక్కరలేదు. సానియా తొలి డబ్ల్యూటీఏ బిరుదు గెలిచినది 2005 ఫిబ్రవరిలో, హైదరాబాదు నగరముననే! ఆ పోటీ ఆ పిమ్మట ఇక్కడ నిలువలేదు. పురుషుల పెద్ద పోటీ చెన్నైలో 1997 మొదలు 2017 వఱకు జరిగి, పుణెకు తరలి, 2023 తరువాత దేశమునే విడిచెను. ఇటలీ దేశమును చూడుడు. యానిక్ సిన్నర్ పదునేడేండ్లవాడై, 546వ స్థానమున నుండగా, 2019లో తన దేశపు బెర్గామో పట్టణముననే ఛాలెంజరు పోటీలో ప్రత్యేకప్రవేశము నొంది బిరుదు గెలిచెను. 2024 జూనులో ప్రపంచమున మొదటివాడయ్యెను. అతని ప్రతిభ అతనిది. కాని ఇంటి వాకిట పోటీ పెట్టినది ఆ దేశము. పెద్ద పోటీకి కావలసిన వ్యయములో చిన్నభాగముతో మన రెండు తెలుగురాష్ట్రములు కలిసి హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము, వరంగల్లులలో వరుసగా ఆఱెనిమిది వారముల చిన్న పోటీలు నడుపవచ్చును. మన బాలుడు బస్సు టిక్కెట్టుతో పోయి పాయింట్లు తెచ్చుకొనును. ఓడినను రాత్రికి ఇల్లు చేరి తల్లి వడ్డించిన యన్నము తినును. క్రీడాధికారులకును, టెన్నిసు సంఘములకును మేము చేయు విన్నప మిదియే.

సోమవారమునాడు ఆ పెద్దమనుష్యుడు మరల వచ్చును. వలదన్న వినునట్టివాడు గాడు; వలదనుటకు మాకు నోరు రాదు, బాలుడు బాగుగ ఆడుననియే విన్నాము. అర యెకరము మించి అమ్మవలదని, ధనమును బ్యాంకున వేసి యేటి కింతయని తీయుమని, పదునెనిమిదేండ్లు నిండు వఱకు బడి మానిపింపవలదని చెప్పుదుము. సాకేత్ మైనేని కళాశాల జట్టున ఆడుచునే విశ్వవిద్యాలయపు చదువు పూర్తిచేసిన సంగతి ఆ బాలునికే నేరుగా చెప్పనెంచి, వానిని వెంట దెమ్మని కబురంపితిమి.